సోమశిల ఒడ్డున నడక, రాళ్ల మధ్య ఒక డబ్బా

ముప్పై ఏళ్లు సర్వేయర్‌గా పొలాల వెంట గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణి. సంక్రాంతి సెలవులకు వచ్చిన మనవరాలు "తాతా, జియోక్యాషింగ్‌కు పోదాం" అంటే ముందు అర్థం కాలేదు. ఎవరో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెతికి, లోపలి కాగితం మీద పేరు, తేదీ రాసి, మళ్లీ అక్కడే పెట్టాలి. జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాను అమెరికా 2000 మేలో ఆపేసింది. ఆ మరునాడే ఈ ఆట పుట్టిందట.

గుడి దగ్గర బండి ఆపి, ఘాట్ నుంచి నీళ్ల వెంట నడిచాం. ఇక్కడి కృష్ణ నీళ్లు శ్రీశైలం జలాశయానివే; అది 885 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఈ దారి కనిపించదు. ఇప్పుడు నీరు దిగుతూ ఒడ్డంతా మెట్లు మెట్లుగా చారలు వదిలింది. మా సర్వేయర్లు కాగితం మీద గీసే కాంటూర్లను, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను, కృష్ణమ్మ నేల మీదే గీసిపెట్టింది. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. అవతల నల్లమల, ఇవతల బోర్లించిన పుట్టి, దాని మీద ఆరేసిన వల. మనుషుల మాట లేదు.

డబ్బా దగ్గరికొచ్చాక ఫోన్లో బాణం ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి గుట్ట వైపు తిరిగింది.

"ఫోన్ అబద్ధం చెప్తుంది తాతా!"

"అబద్ధం కాదు బిడ్డా, సిగ్నల్ గుట్టకు తగిలి వస్తే ఐదు పది మీటర్లు తేడా పడుతుంది. ఫోన్ జేబులో పెట్టి రాళ్లను చూడు."

హద్దు రాయి పోయినప్పుడు టిప్పన్ (పొలం కొలతల పటం) చేతిలో ఉన్నా, చివరికి మేం నమ్మేది కళ్లనే. పావుగంటలో తనే కనిపెట్టింది. ఎక్కడో చెప్పను, చెప్తే మీకు వెతికే ఆనందం పోతుంది.

ముందు వచ్చినవాళ్లు మూత సరిగా పెట్టలేదు, కాగితం తడిసి ముద్దయింది. ప్రాణం ఉసూరుమంది. ఎండలో ఆరబెట్టి, ఒక్కో పేరు చదువుతూ కూర్చున్నాం.

దారిలో నీడ లేదు, మంచినీళ్లు మోసుకుపోవాల్సిందే. నీరు దిగిన చోట బురద పైపైన ఎండి గట్టిగా కనిపిస్తుంది గానీ, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. పిల్లల్ని అటు వదలకండి. చలికాలం పొద్దున్నే వెళ్తే హాయిగా ఉంటుంది.

పాత కాగితంతో పాటు నోటుబుక్కులో చించిన రెండు పేజీలు కూడా జిప్ కవర్లో పెట్టి, మూత రెండుసార్లు నొక్కి చూసి వచ్చాం. మీరు వెళ్తే పెన్సిల్ తీసుకెళ్లండి, లోపల ఉన్నది అరిగిపోయింది.