బండి పని నేర్చుకోవడానికి పాత స్ప్లెండర్ ఎలా ఉంటుంది?

కోనసీమలోగానీ, భీమవరం-పాలకొల్లు వైపుగానీ నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక బండిని పూర్తిగా విప్పి బిగిస్తామంటే మేం చెప్పే పేరు ఒకటే: కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న పాత హీరో హోండా స్ప్లెండర్. 1994లో వచ్చిన మోడలు. 97.2 సీసీ, ఒకే సిలిండరు, నాలుగు గేర్లు. ఇంజను దించడానికి ఇద్దరు చాలు. రింగులు, గాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు ఏ చిన్న ఊళ్లో కొట్టుకెళ్లినా దొరుకుతాయి. నేర్చుకునేవాడి చేతిలో ఓ పార్టు పాడైనా పని ఆగదు.

కొనేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. వరదలో మునిగిన లంక బండ్లు చౌకగా వస్తాయి. ఇంజను ఆయిలు చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిలు పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి, బేరింగుల ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. అంతర్వేది వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి వల్ల స్పోకులు, ట్యాంకు అడుగు తుప్పు పట్టి ఉంటాయి. ఆ తుప్పే పదేపదే కార్బొరేటర్ జెట్లకు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలకు, అడ్డం పడుతుంది. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఫ్రేము మీదున్న దానితో సరిపోవాలి. పెయింటు కోసం ఫ్రేము గీకేటప్పుడు ఆ నంబరు జోలికి పోవద్దు.

విప్పే ముందే రోగం తెలుసుకోవడం నేర్పాలి. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి సిలిండరు లోపలి ఒత్తిడి కొలవండి. తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు చూడాలి. బోరు (పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ) అరుగుదలను పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిపించండి. ఓవర్‌సైజు (అసలు కొలత కన్నా కాస్త పెద్ద) పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ షాపులో ఇచ్చి ఆ కొలతకే బోరు చేయించాలి. 0.25 మి.మీ. పెద్దదానితో సరిపోయేదానికి 0.50 వేయిస్తే తర్వాత మళ్లీ బోరు చేయించే అవకాశం ఒకటి తగ్గిపోతుంది.

బిగించేటప్పుడు పిస్టన్ మీద ఐఎన్ (IN) గుర్తు కార్బొరేటర్ వైపుండాలి. రింగుల నోళ్లు ఒకే వరుసలోకి రాకూడదు. క్రాంకు చివరనున్న మాగ్నెట్ మీది టి (T) గుర్తు, వాల్వులను తెరిచే కామ్ పళ్లచక్రం (స్ప్రాకెట్) గుర్తు వాటి వాటి చోట్లకు కలిపి టైమింగ్ చైను వేశాక కిక్కు కొట్టొద్దు. క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పితే గుర్తులు మళ్లీ కలవాలి. కలవకపోతే చైను ఒక పన్ను తప్పింది. అలాగే స్టార్టు చేస్తే వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు. హెడ్డు నట్లు నాలుగూ మూలమూలగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఇక్కడ ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచి తప్పనిసరి, చేతి అంచనా పనికిరాదు.

చాలామంది వదిలేసేది ఒకటుంది. కుడి కవరు లోపల, క్రాంకు చివర ఆయిలు మడ్డిని తిప్పి పట్టే గిన్నె ఉంటుంది. ఈ బండికి మార్చే పేపర్ ఫిల్టరు లేదు, మడ్డంతా అందులోనే గట్టిపడుతుంది. దాన్నీ అడుగు జల్లెడనూ కిరసనాయిలుతో కడగకుండా కొత్త పిస్టన్ వేసినా ఉపయోగం లేదు. క్లచ్ ఇంజను ఆయిల్లోనే తడుస్తుంది (తడి క్లచ్) కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అని ఉన్న, అలాంటి క్లచ్‌కు తగిన ఆయిలే పోయండి. మొదట్లో కొబ్బరికాయలు, రొయ్యల మేత బస్తాలు ఎక్కించకుండా నడిపి ఆయిలు త్వరగా మార్చండి.

లోటు లేకపోలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త స్ప్లెండర్లకు కార్బొరేటర్ బదులు సెన్సర్లతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షనే. సెన్సర్లు, వైరింగు ఈ పాత బండి నేర్పలేదు. మెకానిక్‌గా బతకాలనుకునే కుర్రాడికి మల్టీమీటరు పట్టించి, రెండో బండిగా ఇంజెక్షన్ ఉన్నదాన్నే విప్పించాలి.