మెడనొప్పి, నడుంనొప్పి వెంటబెట్టుకుని హైదరాబాద్ వినోద పార్కుల్లో నాలుగు రోజులు

నాకు మెడలో ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి మూడేళ్లయింది. మావారికి నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య అదే బాధ అంతకన్నా ముందు నుంచే ఉంది. అయినా సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్తామని పిల్లలకు ఇచ్చిన మాట తప్పడం ఇష్టం లేక, మా అబ్బాయిని, మా అన్నయ్య కూతురిని వెంటబెట్టుకుని కరీంనగర్ నుంచి బయలుదేరి నాలుగు రోజులు తిరిగి వచ్చాం. మాలాంటి బాధ ఉన్నవారు పిల్లలతో వెళ్లవలసి వస్తే ఎక్కడ ఏ ఇబ్బంది ఎదురవుతుందో ముందుగా తెలిస్తే మేలని ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు మా ఫిజియోథెరపిస్టును అడిగాను. ఏ ఆట ఎక్కవచ్చో, ఏది ఎక్కకూడదో ఆయన పట్టీ రాసి ఇవ్వలేదు. "కుదుపు వస్తోందని మెడకు ముందే తెలియాలమ్మా. తెలిస్తే కండరాలు బిగుసుకుని పూసలను కాపాడతాయి. తెలియకుండా వచ్చిందంటే, అది చిన్న కుదుపైనా సరే, ఆ దెబ్బంతా డిస్కు మీద, నరం మీద పడుతుంది" అని మాత్రం చెప్పారు. నాలుగు రోజుల్లో ప్రతి చోటా ఆ మాటే గుర్తుకు వచ్చింది. దాన్ని నేను మరచిపోయిన ఒక్క చోటే దెబ్బ తిన్నాను.

మొదటి రోజు వండర్‌లా. ఔటర్ రింగ్ రోడ్డు మీద 13వ ఎగ్జిట్ దగ్గర, కొంగర రావిర్యాలలో 2016లో మొదలైన పార్కు ఇది. పిల్లలు గేటు దాటగానే రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ వైపు పరుగెత్తారు. "మామయ్యా, నువ్వూ రావాలి" అని మా మేనకోడలు మావారి చెయ్యి పట్టుకుని లాగింది. ఆ వరుస మొదట్లోనే గుండెజబ్బు, గర్భం, మెడ, వెన్ను సమస్యలు, ఈమధ్య జరిగిన శస్త్రచికిత్సలు ఉన్నవారు ఎక్కరాదని బోర్డు ఉంది. పిల్లల్ని పంపి, మేమిద్దరం ఎదురుగా ఉన్న బెంచీ మీద అరగంట కూర్చుని ఆ బండినే గమనించాం.

రీకాయిల్‌లో బండిని మొదట వెనక్కి లాగుతూ దాదాపు 35 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలేస్తారు. అది ఎక్కిన చోటు మీదుగానే దూసుకుపోయి, మూడుసార్లు తలకిందులై, ఎదుటి వాలు ఎక్కి, అక్కడి నుంచి అదే దారిలో మళ్లీ మూడుసార్లు తలకిందులవుతూ వెనక్కి వస్తుంది. ముందుకు వెళ్లేటప్పుడు మలుపు కళ్లకు కనిపిస్తుంది కనుక మెడ సిద్ధపడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఏ క్షణంలో ఎటు విసురుతుందో కూర్చున్నవారికి తెలిసే వీలు లేదు. పెద్దవారి తల బరువు 4.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. ఇలాంటి ఆటల్లో వంపు అడుగుకు చేరినప్పుడు ఆ బరువు నాలుగింతలయితే, ఒక్క క్షణం పాటు మెడ 20 కిలోల బరువు మోసినట్టే. దానికి తోడు భుజాల మీదుగా దిగి ఛాతీని బిగించే ఆ కడ్డీకి రెండు పక్కలా ఉండే మెత్తలు చెవుల ఎత్తున ఉంటాయి. బండి పక్కకు ఒరిగినప్పుడల్లా తల వాటికి కొట్టుకుంటుంది. దిగి వస్తున్నవారిలో పలువురు నవ్వుతూనే చెవి రుద్దుకుంటున్నారు. మా అబ్బాయి కూడా అలాగే వచ్చాడు. మెడలో డిస్కు ఉబ్బినవారికి ఆ బోర్డు చెప్పేది అక్షరాలా నిజమని నాకు అప్పుడు పూర్తిగా నమ్మకం కలిగింది. ఇంతకీ "ఒక్కసారికి ఏమవుతుంది" అనే మాట మా చుట్టాల్లోనే ఎంతమంది నోట విన్నానో. మెడ నరం ఒక్కసారికే నలుగుతుంది. అరుదుగానే అయినా, ఇటువంటి విసురుకు మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగిన సందర్భాలు వైద్యులు నమోదు చేసినవి ఉన్నాయి.

నడుము సంగతి వేరు. మావారికి పక్కకు విసిరే ఆటల కన్నా నిలువుగా పడేసేవి ప్రమాదం. పైకి తీసుకెళ్లి ఒక్కసారిగా వదిలే ఆటలో పడుతున్నంతసేపూ ఏమీ అనిపించదు. కింద ఆగే క్షణంలో ఒంటి బరువంతా నడుము పూసల మీద కూర్చుంటుంది. అదీ కూర్చున్న భంగిమలో, అంటే డిస్కు మీద నిలబడినప్పటి కన్నా ఎక్కువ ఒత్తిడి ఉన్న స్థితిలో. అందుకే మెడనొప్పి ఉన్నవారికి, నడుంనొప్పి ఉన్నవారికి ఒకే సలహా ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం.

నీటి ఆటల్లో మాకు కొంత ఊరట దొరికింది. అలల కొలనులో నడుములోతు నీళ్లలో, అల వచ్చే వైపు ముఖం పెట్టి, కాళ్లు కొంచెం ఎడంగా ఉంచి నిలబడితే ఇద్దరికీ ఏ బాధా కలగలేదు. అలకు వీపు పెట్టి నిలబడితే మాత్రం తల ఎగిరి వెనక్కి పడుతుంది. మెల్లగా పారే కాలువలో ట్యూబు మీద తేలడం నడుముకు హాయి. మెడకు మాత్రం కాదు, ఎందుకంటే తల ఎత్తి పట్టుకుని ఉండాలి. నేను ఐదు నిమిషాలకే దిగి, ట్యూబు పట్టుకుని నడిచాను. చాప మీద బోర్లా పడుకుని తల ముందుగా జారే జారుడుబల్లలు మెడకు పూర్తిగా నిషిద్ధం అనుకోవాలి. ఆ భంగిమలో ముందుకు చూడాలంటే మెడ వెనక్కి విరిచి ఉంచక తప్పదు.

సెలవుల రద్దీలో ఆటల కన్నా ఎక్కువ బాధపెట్టింది వరుసల్లో నిలబడటమే. నడుంనొప్పి ఉన్నవారికి గంటసేపు నిలబడటమంటే చిన్న విషయం కాదు. వండర్‌లాలో వరుస తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఎక్కువ ధర అయినా, పిల్లలతో పాటు నిలబడవలసి వచ్చేవారికి ఆ డబ్బు దండగ కాదు. మేము మామూలు టికెట్టుతో వెళ్లి తప్పు చేశాం. మధ్యాహ్నానికే మావారు చెట్టు నీడన గడ్డి మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఉంచాల్సి వచ్చింది.

ఆ రాత్రి బస మరో పరీక్ష. ఎల్బీనగర్‌లో ముందే బుక్ చేసుకున్న లాడ్జిలో పరుపు నడిమధ్య గుంట పడి ఉంది, దిండు బియ్యం బస్తా అంత ఎత్తు. మార్చమని అడిగితే "అందరికీ ఇవే పరుపులు మేడమ్" అన్నారు. దిండు తీసేసి, తువ్వాలు చుట్టి మెడ కింద పెట్టుకుని నేను ఎలాగో సర్దుకున్నాను. మావారు దుప్పటి మడిచి నేల మీద పడుకున్నారు. మరునాడు శంషాబాద్ వైపు ఉన్న మరో హోటల్‌కు ఫోన్ చేసి, "పరుపు కొబ్బరి పీచుదా, ఫోమ్‌దా?" అని అడిగాకే గది తీసుకున్నాను. అద్దె ఎక్కువే అయినా, గట్టి పరుపు మీద ఒక్క రాత్రి పడుకున్నాక ఆయన నడక తేడా నాకే కనిపించింది.

రెండో రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. మా ఇద్దరికీ అన్నిటికన్నా అనువైన చోటు ఇదే. 1996లో మొదలై, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కిన ప్రదేశం కాబట్టి చాలా భాగం బస్సులో కూర్చునే చూస్తాం. సెట్లు, తోటలు, ప్రదర్శనలు కూర్చుని చూసేవే. పిల్లలకు ఫండుస్తాన్ అనే ఆటల విభాగం ఉంది. అయితే బస్సు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం రోజంతా సాగుతుంది. ఎక్కిన ప్రతిసారీ వెనుక చక్రాల మీది సీట్లు వదిలి మధ్యలో కూర్చున్నాం. బస్సుల్లో గతుకులు ఎక్కువగా తెలిసేది వెనుకే. కుర్చీలు కదిలే సినిమాల లాంటివి ఎక్కడ ఎదురైనా, కదలని కుర్చీలు విడిగా ఉన్నాయా అని లోపలికి వెళ్లే ముందే అడగడం మంచిది. లోపల దీపాలు ఆర్పాక లేచి రావడం కుదరదు.

మూడో రోజు పగలు లోయర్ ట్యాంక్ బండ్ మీది స్నో వరల్డ్‌కు పిల్లల్ని పంపి మేము బయటే ఉన్నాం. ఆ చలికి మెడ కండరాలు పట్టేస్తాయి, మంచు మీద కాలు జారితే నడుముకు దెబ్బ. సాయంత్రం నాంపల్లి నుమాయిష్. 1938 నుంచి నడుస్తున్న ఈ ప్రదర్శనకు మా నాన్నగారు కూడా నన్ను చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని తీసుకొచ్చారు. రంగులరాట్నం మెల్లగా తిరుగుతుంది కనుక ఇద్దరం ఎక్కాం. కొలంబస్ నౌకలో మావారు మధ్య వరుసలో కూర్చుని హాయిగా దిగారు. చివరి వరుసల్లో ఒళ్లు కుర్చీ నుంచి లేచి మళ్లీ ధబ్బున పడుతుంది, అక్కడ కూర్చోకూడదు.

ఇక నేను దెబ్బ తిన్న చోటు. నాలుగో రోజు ఉదయం నగరంలో ఒక మాల్‌లోని ఆటల విభాగంలో మా మేనకోడలు "అత్తా, ఇది చిన్నపిల్లలదే కదా, రా" అని ఢీకొట్టుకునే కార్ల దగ్గరకు పిలిచింది. అక్కడ ఏ బోర్డూ లేదు, నిలబడిన కుర్రాడు ఏమీ అడగలేదు. సీటు వీపు నా భుజాల దాకానే ఉంది, తలకు ఆనుడు లేదు. నేను ఎదుటి కారును తప్పించుకోవాలని కుడివైపు చూస్తుండగా, వెనుక నుంచి ఎవరో వేగంగా వచ్చి గుద్దారు. తల మొదట వెనక్కి, తర్వాత ముందుకు వెళ్లింది. నొప్పి అప్పుడు పెద్దగా తెలియలేదు. గంట తర్వాత టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. మెడలో ఆరో నరం పోయేది ఆ వేళ్లకే. గంటకు పది కిలోమీటర్లు కూడా పోని కారు, 35 మీటర్ల రీకాయిల్ దగ్గర నేను జాగ్రత్తపడ్డ ప్రమాదాన్నే తెచ్చిపెట్టింది. అంత చిన్న ఆటకైనా ఒక బోర్డు, "మెడనొప్పి ఉందా?" అనే ఒక ప్రశ్న ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేస్తే, చేతిలో పట్టు తగ్గినా, వస్తువులు జారిపోతున్నా, కాళ్లు తడబడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లమన్నారు. అవేవీ లేవు కనుక తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం. ఆటో వద్దనుకుని ఎల్బీనగర్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా, అక్కడ మారి జేబీఎస్ బస్టాండ్ దాకా మెట్రోలో వెళ్లాం. గతుకు అన్నది లేని ప్రయాణం మెడకు ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది. కరీంనగర్ బస్సులో కండక్టర్ గారిని అడిగి ముందు నుంచి మూడో వరుసలో సీట్లు తీసుకున్నాం. మెడ వెనుక తువ్వాలు చుట్టి పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వస్తోందని మా అబ్బాయి ముందే చెబుతుంటే తల సీటుకు ఆనించి కూర్చున్నాను. వేళ్లలో తిమ్మిరి మరో తొమ్మిది రోజులకు గానీ పోలేదు.