మంచుకొండల నుంచి ద్రాక్ష పాతరల దాకా: జార్జియాలో 14 రోజులు

గల్ఫ్‌లో ఉండే మనవాళ్లలో చాలామంది ఈద్ సెలవులకు జార్జియా ప్యాకేజీ తీసుకుంటారు. మూడేళ్ల కిందట నేనూ కుటుంబంతో అలాగే వెళ్లాను. ఆ రోజు కజ్‌బెగిలో బస్సు 40 నిమిషాలు ఆగింది. కొండంతా మబ్బు పట్టి ఉంది. ఫోటో దిగి వెనక్కి వచ్చేశాం. ఆ వెలితి మనసులో అలాగే ఉండిపోయింది. ఈసారి సెప్టెంబరులో, రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్న మా అక్క కొడుకును వెంటబెట్టుకుని, చెరొక బ్యాగు వీపున వేసుకుని బయల్దేరాను. ప్యాకేజీ లేదు, కారు లేదు.

టిబిలిసిలోని దిదుబే బస్టాండు నుంచి స్టెపాంత్స్‌మిందాకు, అంటే ఆ కజ్‌బెగి ఊరికే, మార్ష్రుత్కాలు వెళ్తాయి. మార్ష్రుత్కా అంటే మన సెవెన్ సీటర్ ఆటోలాగా సీట్లు నిండాక కదిలే వ్యాను. చవకే, కానీ దారిలో ఎక్కడా ఆపరు. జిన్వాలి జలాశయం పక్కనున్న అనానూరి కోటను కిటికీలోంచే చూసుకోవాలి. ఆ దారి రష్యా సరిహద్దుకు పోయేది కాబట్టి లారీల బారులు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి. వాటిని మా డ్రైవరు దాటించిన తీరుకు నాకు నిజంగా భయమేసింది. తోడుగా మరో ఇద్దరు దొరికితే టాక్సీ పంచుకోండి. ఆ దారిలో పెట్టే ఖర్చు వృథా కాదు.

స్టెపాంత్స్‌మిందాలో మూడు రాత్రులు ఉన్నాం. గాజు గోడల పెద్ద హోటల్ ఒకటి ఉంది గానీ మేం ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. పొద్దున్నే పరదా తీస్తే ఎదురుగా 5,000 మీటర్లు దాటిన కజ్‌బెక్ శిఖరం కనిపించింది. 2,170 మీటర్ల ఎత్తులో ఉన్న గెర్గెటి చర్చికి ఇప్పుడు తారు రోడ్డు ఉంది, జీపుల వాళ్లు వెంటపడతారు. ఎక్కకండి. నడిస్తే గంటన్నర. ఊరు చిన్నదవుతూ, చర్చి పెద్దదవుతూ, ఆ వెనక మంచు తేలుతుంటే చూడాల్సిన చోటు అది. అక్కడి నుంచి హిమానీనదం వైపు ఇంకా పైకి వెళ్లాం. మధ్యాహ్నానికి గాలి విపరీతంగా పెరిగింది. అందుకే పొద్దున ఏడుకల్లా బయల్దేరడం మంచిది.

తిరుగు దారిలో వచ్చే గుడౌరి పారాగ్లైడింగ్‌కు ప్రసిద్ధి. మొదటిరోజు గాలి సరిగ్గా లేదని పైలట్ ఎగరనివ్వలేదు. రెండో రోజు కూడా గంటసేపు కొండ మీద నిలబడి, గుడ్డ పీలిక కట్టిన కర్ర వైపే చూస్తూ, "ఈ రోజూ కుదరదు" అన్నాడు. మా వాడు నీరసపడిపోయాడు గానీ నాకు అతని మీద గౌరవం పెరిగింది. మూడో రోజు ఎగిరాం. కాళ్ల కింద నేల జారిపోయిన ఆ మొదటి క్షణం తర్వాత టెన్షన్ అంతా పోయింది. కింద మలుపులు తిరిగే రోడ్డు, గడ్డి కొండల మీద గొర్రెల మందలు, చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు. ఒక హెచ్చరిక: రోడ్డు పక్కన బల్ల వేసుకున్న ఇంకొకతను అంతకుముందు రోజు అదే గాలిలో ఎగరేస్తానని, ముందే పూర్తి డబ్బు కట్టమని అడిగాడు. "వద్దు" అన్న పైలట్‌నే నమ్మండి. అరాగ్వి నదిలో రాఫ్టింగ్ మాత్రం సెప్టెంబరులో చప్పగా ఉంది, నీళ్లు తక్కువ. మంచు కరిగే వసంతంలో వచ్చేవాళ్లకే అది.

టిబిలిసికి తిరిగొచ్చి రాత్రి రైలెక్కి జుగ్దిది, అక్కడి నుంచి మార్ష్రుత్కాలో మెస్తియా చేరాం. స్వానేతి ప్రాంతం అది. ఈ యాత్రలో నా మనసు నిలిచిపోయిన చోటు కూడా అదే. మెస్తియా నుంచి ఉష్గులికి నాలుగు రోజుల నడక. గుడారం మోయక్కర్లేదు. ప్రతి సాయంత్రం జబేషి, అదిషి, ఇప్రాలి అంటూ ఏదో ఒక ఊరు వస్తుంది, ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది. మంచం, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి మనిషికి 100 లారీల (లారీ అక్కడి కరెన్సీ) పైచిలుకు, అంటే మన మూడు వేల రూపాయల పైన. వేడినీళ్లు అన్ని ఇళ్లలో రాలేదు, అదిషిలో కరెంటు కూడా పోయింది. కానీ ఆ రాత్రి పొయ్యి పక్కన కూర్చోబెట్టి ఆ ఇంటామె వడ్డించిన లోబియో, అంటే రాజ్మా కూర, ఇప్పటికీ నోట్లో ఉంది. అక్కడి స్వాన్ ఉప్పులో వెల్లుల్లి, ధనియాలు, మెంతి జాతి గింజలు, మిరప కలుస్తాయి. వాసన చూడగానే మా అమ్మ దంచే కారప్పొడి గుర్తొచ్చింది. శాకాహారులకు వంకాయలో అక్రోటు ముద్ద పెట్టి చుట్టే బద్రిజాని ఉంది. గుత్తివంకాయ ఇష్టపడేవాళ్లకు తప్పక నచ్చుతుంది.

మూడో రోజు అదిషి హిమానీనదం నుంచి వచ్చే ఏరు దాటాలి. వంతెన లేదు. పొద్దున నీళ్లు తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి ఉరవడి పెరుగుతుంది. ఊరివాళ్లు గుర్రాలతో వచ్చి దాటిస్తారు. డబ్బు ఆదా చేద్దామని మా వాడు చెప్పులు విప్పబోయాడు.

"మామయ్యా, మోకాలి లోతే కదా!"

"రేయ్, ఆ నీళ్లలో రాళ్లు దొర్లే చప్పుడు విను ముందు."

విని ఊరుకున్నాడు. గుర్రం మీద కూడా నీళ్లు పాదాలను తాకాయి. ఆ తర్వాత 2,600 మీటర్లు దాటిన కనుమ ఎక్కుతుంటే పక్కన హిమానీనదం మొత్తం వేలాడుతున్నట్టు ఉంటుంది. ఉష్గులి 1996లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మధ్యయుగాల నాటి రాతి బురుజులు ఇళ్లకు అంటుకుని నిలబడ్డాయి. వాటి వెనక జార్జియాలో అన్నిటికన్నా ఎత్తైన ష్ఖారా శిఖరం.

చివరి మూడు రోజులు వైన్‌కు పేరున్న కాఖేతి ప్రాంతం. పాత గోడల మధ్య ఉన్న సిఘ్నాఘి ఊరు, కింద అలజాని లోయంతా ద్రాక్షతోటలు. పోయినసారి ప్యాకేజీలో ఒక పెద్ద ఫ్యాక్టరీకి తీసుకెళ్లి ఆరు గ్లాసులు వరుసగా పెట్టి, ఇరవై నిమిషాల్లో దుకాణంలోకి తోలారు. ఈసారి మేం దిగిన ఇంటాయన తన మరనీ చూపించాడు. వైన్ గది అది. నేలలో మెడ దాకా పాతిపెట్టిన మట్టి కాగులు, వాటిని క్వెవ్రీ అంటారు. మన ఊళ్లలో ఒకప్పుడు ధాన్యం దాచిన పాతర గుర్తొచ్చింది నాకు. లోపల తేనెమైనం పూస్తారు. రసాన్ని తొక్కలు, గింజలతో సహా పోసి, మూతపెట్టి నెలల తరబడి వదిలేస్తారు. భూమి చల్లదనమే ఫ్రిజ్. తెల్ల ద్రాక్షతో చేసినా తొక్కల వల్ల తేనె రంగు వస్తుంది, నాలుకకు టీ డికాక్షన్‌లా కొంచెం వగరు తగులుతుంది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో గుర్తించింది. ఈ దేశంలో సుమారు 8,000 ఏళ్ల నాటి కుండల్లో వైన్ ఆనవాళ్లు దొరికాయి.

కోతల కాలం కావడంతో ఆ ఇంట్లో అందరితో పాటు మేమూ ఒక పూట ద్రాక్ష కోశాం. సపెరావి రకం చేతుల్ని నల్లగా చేసి వదిలింది. డబ్బులిస్తామంటే తీసుకోలేదు, భోజనానికి కూర్చోమన్నారు. ఒక మాట: జార్జియన్ విందులో ప్రతి గ్లాసుకూ ఎవరో ఒకరి పేరు తలుస్తారు, పోయినవాళ్లతో సహా. తాగనివాళ్లు గ్లాసు పట్టుకుని నిలబడినా చాలు, ఎవరూ నొచ్చుకోరు. మా వాడు అలాగే చేశాడు.

వచ్చేముందు ఇంటాయన అరుగు మీద నిలబడి లోయ అవతలి కొండల్ని చూపించాడు. వాటి వెనక తుషేతి అనే కొండప్రాంతం, అక్కడికి 2,800 మీటర్ల పైనున్న అబానో కనుమ మీదుగా మట్టిరోడ్డు, వేసవి నెలల్లోనే తెరుస్తారు. నా ఫోన్‌లోని క్యాలెండరు తీయమని, జూలై మీద వేలుపెట్టి, "అప్పుడు రా, మా బావమరిది జీపు ఉంది" అన్నాడు. ఆ వారం సెలవుకు ఆఫీసులో అర్జీ పెట్టేశాను.