ఎడిన్‌బరో చిప్పీ: చేప సూపర్, చిప్స్ ముద్ద

పేరు రాయట్లేదు, చిప్స్‌ని తిట్టబోతున్నాను కాబట్టి. ఎడిన్‌బరోలో లీత్ వైపున్న ఒక చిప్పీ, అదే, చేపా చిప్సూ (ఇక్కడ చిప్స్ అంటే లావుపాటి ఫ్రెంచ్ ఫ్రైస్) అమ్మే కొట్టు. శుక్రవారం సాయంత్రం వెళ్తే లైను వీధిలోకి వచ్చేసింది.

నా వంతు రాగానే "ఫిష్ అండ్ చిప్స్" అన్నాను. కౌంటర్ వెనక పెద్దాయన "ఫిష్ సప్పరేనా?" అన్నాడు. సప్పర్ అంటే రాత్రి భోజనం కదా, ఇంకేదో అంటగడతాడేమోనని కాదన్నాను. నా ఫ్రెండ్ మోచేత్తో పొడిచాడు. స్కాట్లాండ్ చిప్పీల్లో సప్పర్ అంటే చిప్స్‌తో కలిపి అని, చేప ఒక్కటే కావాలంటే సింగిల్ అనాలని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం తిన్నా సప్పరే! వెంటనే ఇంకో ప్రశ్న, "సాల్ట్ అండ్ సాస్?" ఇది టమాటా సాస్ కాదు, బ్రౌన్ సాస్ అనే పుల్లటి ముదురు రంగు సాస్‌లో వెనిగర్ కలిపి పల్చగా చేసింది, ఎడిన్‌బరో వాళ్లకి ఇదంటే ప్రాణం, రైలెక్కితే గంటలో వచ్చే గ్లాస్గోలో మాత్రం ఉప్పూ వెనిగరే.

మా వెనక ఒక న్యూజిలాండ్ అమ్మాయిని ఆమె ఆస్ట్రేలియా ఫ్రెండ్ "ఫష్ అండ్ చప్స్" అని ఏడిపిస్తున్నాడు, ఆమె "ఫీష్ అండ్ చీప్స్" అని తిరిగి అంటిస్తోంది. ఒకరి యాసని ఇంకొకరు వెక్కిరించడం, ఆ రెండు దేశాల మధ్య ఇది పాత వేళాకోళమే.

లోపల రేడియోలో గాయని కర్స్టీ మకాల్ 1981 పాట, చిప్ షాపులో పనిచేసే ఒకడు తనే ఎల్విస్ ప్రెస్లీనని ఒట్టేస్తాడే, అది. తమాషా ఏంటంటే అదే ఏడాది ఇంకో ఎల్విస్, కాస్టెలో, 'ట్రస్ట్' ఆల్బంలో చేపల పొట్లం కాగితం మీద పాట పాడాడు. ఇవాళ్టి వార్త రేపటి చిప్స్ పొట్లం అని బ్రిటన్‌లో అంటుంటారు. న్యూస్‌పేపర్లో చుట్టడం ఎప్పుడో పోయింది, మాట మాత్రం పోలేదు.

సరే, తిండి. హాడక్ చేప అదిరింది, పైన బ్యాటర్ కరకరలాడుతూ, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోతూ. చిప్స్ ముందే వేయించి పెట్టినవి, ఆ పైన సాస్ పోసి కాగితంలో బిగించి చుట్టేసరికి ముద్దయిపోయాయి. సాస్ విడిగా అడగండి, పొట్లం కట్టకుండా ఓపెన్‌గా ఇమ్మనండి. కూర్చోడానికి చోటు లేదు, బయట గోడ మీద కూర్చుని తిన్నాం, నా ఆఖరి చేప ముక్క సీగల్ పక్షి ఎత్తుకుపోయింది. చిప్స్ జోలికి అది కూడా రాలేదు.