చెట్టు కూలిన ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఎంతవరకు ఆదుకుంది

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. గుంటూరులో మాకు అంత వేగం లేకపోయినా, రెండు రోజులుగా కురిసిన వానకు నేల పూర్తిగా నానిపోయి ఉండటంతో ఆ గాలే ఎక్కువైంది. పక్క ఖాళీ స్థలంలో ముప్పై ఏళ్లుగా ఉన్న నిద్రగన్నేరు చెట్టు వేళ్లతో సహా పెళ్లగిలి, మా ప్రహరీ గోడను పడగొట్టి పోర్టికో మీదకు ఒరిగింది. ఇంట్లో ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇరవై అడుగుల మేర గోడ, ఇనుప గేటు, పోర్టికో శ్లాబు అంచు, మేడ మీది నీళ్ల ట్యాంకు, దాన్ని ఆనుకున్న పిట్టగోడ దెబ్బతిన్నాయి. అంతకు ఏడాదిన్నర ముందు మూడేళ్లకు తీసుకున్న భారత్ గృహ రక్ష పాలసీ కింద క్లెయిమ్ చేశాము. సొంత ఇల్లు ఉండి, పక్కన పెద్ద చెట్టు ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఆ పాలసీ మంచిచెడులను ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఏదో ఒక కంపెనీ సొంతంగా తయారుచేసిన పాలసీ కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రామాణిక గృహ బీమా పాలసీ. ఇళ్లకు అగ్ని ప్రమాద బీమా ఇచ్చే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని ఇవే నిబంధనలతో ఇవ్వాలి. అందువల్ల కంపెనీని బట్టి మారేది ప్రీమియం, సేవ మాత్రమే. మేము మూడేళ్లకు కలిపి జీఎస్టీతో సహా కట్టింది నాలుగు వేల రూపాయలలోపే.

చెట్ల విషయంలో ఈ పాలసీ పత్రం ఎంతో స్పష్టంగా ఉంది. తుపాను, పెనుగాలి, వరద, పిడుగు వంటివి పేరు పెట్టి పేర్కొన్న ప్రమాదాలు కాగా, బయటి వస్తువు ఏదైనా వచ్చి ఇంటిని ఢీకొనడం వల్ల కలిగే నష్టం మరొక ప్రమాదం. ఆ రెండోదానికి ఇచ్చిన ఉదాహరణలలో వాహనం, విమానం, గోడలతో పాటు కూలే చెట్లు కూడా ఉన్నాయి. అంటే తుపాను రోజున కూలినా, గాలి లేని రోజున ఎండిన చెట్టు దానంతట అదే కూలినా, ఇంటికి తగిలితే పరిహారానికి అర్హత ఉన్నట్లే. చెట్టు మనదా, పక్కవారిదా, మున్సిపాలిటీదా అన్న ప్రశ్న ఆ నిబంధనలో ఎక్కడా లేదు.

మాకు మొదటి ఇబ్బంది సరిగ్గా అక్కడే ఎదురైంది. మరునాడు ఉదయం కంపెనీకి ఫోన్ చేస్తే, "చెట్టు పక్క స్థలంవాళ్లది కదండీ, నష్టం సంగతి వాళ్ల దగ్గరే తేల్చుకోండి" అని సమాధానం వచ్చింది. ఆ స్థలం యజమాని ఊళ్లో లేరు, ఉన్నా ఆయనతో తగవు పెట్టుకునే ఉద్దేశం మాకు లేదు. నేను పాలసీ పత్రంలోని ఆ వాక్యాన్ని యథాతథంగా రాసి, ఫొటోలు జతచేసి ఈమెయిల్ పంపిన తరువాతనే క్లెయిమ్ నంబరు ఇచ్చారు. పాలసీ చదవని వారు ఆ ఫోన్‌తోనే ఆశ వదులుకునేవారు కదా అనే బాధ నాకు ఇప్పటికీ ఉంది. తమ పాలసీలో ఏముందో తెలియనివారిని తుపాను మరునాడు ఫోన్ల దగ్గర కూర్చోబెట్టడం పెద్ద లోపం. ఇటువంటి తిరస్కరణే రాతపూర్వకంగా వస్తే, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా కంపెనీలపై ఫిర్యాదులను విచారించే అధికారిని, అంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తుంది, ఫిర్యాదుకు రుసుము ఉండదు. మాకు అంత దూరం వెళ్లవలసిన అవసరం రాలేదు.

నష్టం అంచనా వేయడానికి మూడో రోజు వచ్చిన బీమా సర్వేయర్ పని మాత్రం నాకు బాగా నచ్చింది. టేపు పట్టుకుని కూలిన గోడ ప్రతి అడుగునూ కొలిచారు. విరిగిన చోట్ల వేలితో రుద్ది చూస్తూ, కొత్తగా విరిగిన ఇటుక లోపల ఎర్రగా ఉంటుందని, పాత పగులు నాచు పట్టి నల్లగా ఉంటుందని మా అమ్మకు చూపించి మరీ చెప్పారు. గేటుకు అటువైపు నాలుగు అడుగుల గోడలో అలాంటి పాత పగులు ఉన్నందున ఆ భాగాన్ని లెక్కలోంచి తీసివేశారు. అది న్యాయమే, ఎందుకంటే దెబ్బతిన్న నాటికి ఏ స్థితిలో ఉందో ఆ స్థితికి తేవడానికి అయ్యే ఖర్చునే ఈ పాలసీ ఇస్తుంది. మేస్త్రీ ఇచ్చిన అంచనా 1,58,000 రూపాయలు కాగా, 1,36,000 ఆమోదించారు. అయితే మరమ్మతు ముందు మన డబ్బుతో చేయించి, బిల్లులు ఇచ్చి తీసుకోవాలి. సంక్రాంతికి పని పూర్తయింది, ఫిబ్రవరి మధ్యలో డబ్బు ఖాతాలో పడింది. చేతిలో డబ్బు లేని కుటుంబానికి ఆ రెండు నెలలు చాలా కష్టంగా గడుస్తాయి.

ఈ పాలసీలో నేను గట్టిగా తప్పుపట్టేది శిథిలాల తొలగింపు ఖర్చుకు పెట్టిన పరిమితిని. ఆమోదించిన క్లెయిమ్ మొత్తంలో రెండు శాతం వరకే ఇస్తారు. మా లెక్కలో అది 2,720 రూపాయలు. పోర్టికో మీద పడుకున్న ఆ మాను మోటారు రంపంతో కోయడానికి, శ్లాబు ఇంకా విరగకుండా తాళ్లు కట్టి ఒక్కో దుంగనూ కిందికి దించడానికి, మూడు ట్రాక్టర్లలో తరలించడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టింది, 13,500 రూపాయలు అయింది. ఇటుక ముక్కలు ఎత్తి పోయడానికి రెండు శాతం సరిపోవచ్చు గానీ, చెట్టు కూలిన ఇంటికి మొదటి ఖర్చు, తప్పించుకోలేని ఖర్చు ఆ చెట్టును తీయించడమే. పైగా నష్టం తక్కువగా ఉంటే ఆ రెండు శాతం ఇంకా తగ్గిపోతుంది, చెట్టు లావు మాత్రం తగ్గదు. ఇక చెట్టు ఏ గోడకూ తగలకుండా దొడ్డిలో అడ్డంగా పడితే ఇంటికి నష్టం జరగనట్లే, కాబట్టి దాన్ని తీయించే ఖర్చు పూర్తిగా మనదే. ఈ పరిమితిని పెంచాలి, లేదా కూలిన చెట్ల తొలగింపుకు విడిగా ఒక మొత్తం కేటాయించాలి. ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులకు ఎదురు చూసే కోస్తా జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు.

పోర్టికో కింద ఉన్న మా స్కూటరు హ్యాండిల్ వంగింది. వాహనాలు గృహ బీమా కిందికి రావు, వాటికి సమగ్ర మోటారు పాలసీ ఉండాలి. విజయవాడలో మా బావగారి కారుపై అపార్ట్‌మెంటు ముందున్న కానుగ కొమ్మ పడినప్పుడు ఆయనకు డబ్బు వచ్చింది అలాంటి పాలసీ నుంచే, మాకు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నందున రాలేదు.

బీమా మొత్తాన్ని నిర్ణయించే పద్ధతి ఈ పాలసీకి పెద్ద బలం. కార్పెట్ ఏరియాను, అంటే ఇంటి లోపలి నేల వైశాల్యాన్ని, పాలసీ మొదలయ్యే నాటి చదరపు మీటరు నిర్మాణ వ్యయంతో గుణిస్తారు, స్థలం విలువ కలపరు. మా ఇంటికి 110 చదరపు మీటర్లను 24,000తో గుణిస్తే 26,40,000 రూపాయలు వచ్చింది. అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లోని సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. ఎక్కువ కాలానికి తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది. తక్కువ మొత్తానికి బీమా చేశారంటూ క్లెయిమ్‌లో కోత వేసే పాత పద్ధతి కూడా ఇందులో లేదు.

కానీ ప్రహరీ గోడ, గేటు, పోర్టికో, నీళ్ల ట్యాంకు, సౌర ఫలకాలు అదనపు నిర్మాణాల కింద లెక్కకు వస్తాయి. వాటి విలువను మనమే చెప్పి రాయించాలి. చెట్టు కూలినప్పుడు ముందుగా దెబ్బతినేవి ఇవే. మాకు పాలసీ ఇచ్చిన ఏజెంటు గారు ఆ రోజు ఇంటి చుట్టూ తిరిగి చూసి, "గోడ కూడా రాయించండి, మరచిపోతారు" అని పట్టుబట్టి రెండు లక్షలు వేయించారు. ఆయన ఆ మాట అనకపోతే మా క్లెయిమ్‌లో సగానికి పైగా దక్కేది కాదు.

పాలసీ గడువు ముగియగానే మళ్లీ ఇదే పాలసీని ఐదేళ్లకు తీసుకున్నాము. కొత్తగా కట్టిన గోడ విలువ పెంచి, మేడ మీద పెట్టించిన సౌర ఫలకాలను చేర్పించి, ప్రతిపాదన పత్రంలో ఆ పుటను ఫొటో తీసి అమ్మ ఫోన్‌లో కూడా ఉంచాను.