ఆన్‌లైన్‌లో హ్యాండిల్ బార్ కొన్నారా? బిగించే ముందు దాని నడుము కొలవండి

బండికి హ్యాండిల్ మార్చడం నిజానికి పెద్ద పనేం కాదు. నాలుగు బోల్టులు, రెండు గ్రిప్పులు, స్విచ్చులు, కేబుళ్లు, అంతే. ఆదివారం పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోవాలి. నాకు మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. తప్పులో సగం అమ్మినవాడిది, సగం నాది. రెండూ చెబుతాను.

మాది విజయవాడ. వానలో అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద నా 350 సీసీ బండి పక్కకి ఒరిగి, హ్యాండిల్ ఎడమ వైపు వంగిపోయింది. షోరూమ్‌లో అడిగితే స్టాకు లేదు, పది రోజులు పడుతుందన్నారు. ఆ రాత్రే ఫోన్లో కనిపించింది: నల్లటి బార్, ‘హెవీ డ్యూటీ, 22 ఎంఎం, అన్ని బండ్లకూ సరిపోతుంది’, 1,150 రూపాయలు. రివ్యూల్లో ఫొటోలు బోలెడు. అన్నీ అట్టపెట్టెలో ఉన్న బార్‌వే, బండికి బిగించి తీసినది ఒక్కటీ లేదు. ఆ సంగతి నాకు తట్టింది చాలా తర్వాత.

పాతది విప్పడం దాకా బాగానే సాగింది. ట్యాంకు మీద పాత దుప్పటి కప్పాను. ముందు బ్రేకు ఆయిల్ డబ్బా తలకిందులైతే లైనులోకి గాలి చేరుతుంది కాబట్టి, దాన్ని నిటారుగా ఉండేలా తాడుతో కట్టాను. ఆ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, దుప్పటి అందుకే.

మొదటి తేడా స్విచ్చుల దగ్గర వచ్చింది. స్విచ్ డబ్బా లోపల చిన్న పిన్ను ఉంటుంది. హ్యాండిల్‌కి ఉన్న రంధ్రంలో అది కూర్చుంటేనే డబ్బా తిరగకుండా ఉంటుంది. ‘అన్ని బండ్లకూ సరిపోయే’ నా బార్‌కి రంధ్రమే లేదు. పక్క ఫ్లాట్ వాళ్ల డ్రిల్ తెచ్చి నేనే వేశాను. బిట్టు పెట్టీ పెట్టగానే సర్రున దిగిపోయింది, డబ్బా రేకులో దిగినట్టు. అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, ‘భలే ఈజీగా అయిందే’ అనుకున్నాను.

బిగించి చేత్తో ఊపి చూస్తే గట్టిగానే ఉంది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు బ్రేకు పట్టాను. ఒంటి బరువు అరచేతుల మీద పడగానే హ్యాండిల్ మొత్తం ముందుకి తిరిగిపోయింది. బ్రేకు లీవరు నేలచూపులు చూస్తోంది, నేను ట్యాంకు మీదికి జారాను. స్పీడు ఇరవై కూడా లేదు కాబట్టి సరిపోయింది. అదే బెంజ్ సర్కిల్ దగ్గర లారీ వెనకాలైతే?

ఇక్కణ్ణుంచి తప్పు నాది. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి, ఆ రేకు క్లాంపులో, అంటే హ్యాండిల్‌ని బండికి పట్టి ఉంచే బిగింపులో, పెట్టి మళ్లీ బిగించాను. అప్పటికీ జారింది. అలెన్ కీకి పైపు తొడిగి ఇంకో చుట్టు తిప్పాను. టక్‌మంది. బోల్టు వదులుగా తిరుగుతోంది, కింది క్లాంపులో మర పోయింది. మాన్యువల్‌లో ఆ బోల్టుకి ఎంత టార్క్, అంటే ఎంత బలంతో తిప్పి బిగించాలో రాసే ఉంటుంది. పైపు తొడిగిన చేతికి ఆ లెక్క తెలియదు.

పాతదీ కొత్తదీ పట్టుకుని ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దాయన ఏమీ అడక్కుండా రెండింటి నడుములూ, అంటే క్లాంపు కూర్చునే మధ్య భాగాలు, వెర్నియర్ అనే కొలిచే పరికరంతో పట్టి చూపించాడు. పాతది 22.2. కొత్తది 21.4. మనం 22 ఎంఎం అని పిలిచే బార్ అసలు కొలత 7/8 అంగుళం, అంటే 22.2 మిల్లీమీటర్లు. క్లాంపు గుండ్రాన్ని కోసేది ఆ కొలతకే. 0.8 తగ్గితే చుట్టూ పట్టుకోవాల్సిన క్లాంపు పైనా కిందా రెండు గీతల మీద మాత్రమే ఆనుతుంది. పైగా పాతదానికి క్లాంపు కూర్చునే చోట గరుకు గాట్లున్నాయి. కొత్తదానికి అక్కడ నున్నటి నల్లరంగు తప్ప ఏమీ లేదు. వంపు లోపలి వైపు రేకు ముడతలు పడి ఉంది. చివర గొట్టం మందం 1.2 మిల్లీమీటర్లే చూపించింది. “బాబూ, ఇది హ్యాండిల్ కాదు, కర్టెన్ రాడ్డు” అన్నాడాయన. మర వేసినందుకు 450 తీసుకున్నాడు.

రిటర్న్ పెడితే వచ్చిన జవాబు చూడండి: ‘ప్రొడక్ట్‌కి రంధ్రం వేశారు, కాబట్టి తీసుకోం.’ వాళ్లు వేయని రంధ్రం నేను వేసుకున్నందుకు తప్పు నాదైంది! చాట్‌లో ముగ్గురు మారారు, ముగ్గురూ చింతించారు, ఎవరూ డబ్బులివ్వలేదు. చివరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వెర్నియర్ ఫొటో, ‘22 ఎంఎం’ అని రాసున్న స్క్రీన్‌షాట్ రెండూ పెట్టాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు అమ్మినవాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఆ మాట చాట్‌లో రాశాక స్వరం మారింది. పద్దెనిమిదో రోజున 1,150 వెనక్కి వచ్చింది. మర ఖర్చు, మూడు వారాల బస్సు చార్జీలు నా నెత్తినే.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రంధ్రం లేకపోతే డ్రిల్ ముట్టుకోకుండా వెనక్కి పంపేయండి. వెర్నియర్ లేకపోయినా ఇబ్బంది లేదు. నడుముకి దారం ఒక్క చుట్టు బిగుతుగా చుట్టి స్కేలు మీద పెడితే 7 సెంటీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ రావాలి. నా బార్‌కి 6.7 వచ్చింది. చివర్లలో కాదు, క్లాంపు కూర్చునే చోటే కొలవాలి.

కంపెనీ హ్యాండిల్ వచ్చాక మూడో ఆదివారం బిగించాను, ఈసారి టార్క్ రెంచ్ అడిగి తెచ్చుకుని. స్టాండు వేసి, ఇంజన్ ఆన్ చేసి, హ్యాండిల్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశాను. రేస్ పెరిగితే కేబుల్ ఎక్కడో లాగుతున్నట్టు. నాది పెరగలేదు.

ఇలాంటి బార్ ఇప్పటికే బిగించుకుని తిరుగుతున్నవాళ్లు రేపు బండి తీసే ముందు ఒక పని చేయండి. బార్ మీద, క్లాంపు మీద కలిసేలా మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీయండి. ముందు చక్రం గోడకి ఆనించి, రెండు గ్రిప్పుల మీదా ఒళ్లంతా బరువు వేసి ముందుకి నొక్కండి. గీత విడిపోయి కనిపిస్తే ఆ రోజుకి ఆటోలో వెళ్లండి.