మా డివిజన్ కమిటీ నమ్ముకున్న ప్రింటింగ్ ప్రెస్

వరంగల్ మహానగర పాలక సంస్థలోని 66 డివిజన్లలో ఒకదానికి పార్టీ కమిటీ కార్యదర్శిగా ఉన్న నేను, మూడేళ్లుగా కరపత్రాలు, పోస్టర్లు, సభ్యత్వ రశీదు పుస్తకాలు హన్మకొండలోని ఒక చిన్న ప్రెస్‌లోనే అచ్చు వేయిస్తున్నాను.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చినది చట్టం విషయంలో వారి పట్టింపు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రంపై ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండి తీరాలి. ప్రచురించేవారు సంతకం చేసి, వారిని ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించిన ప్రకటనను రెండు ప్రతులుగా ప్రెస్‌కు ఇవ్వాలి. దీన్ని ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రచారం హడావిడిలో మా కార్యకర్తలు ఎంత తొందరపెట్టినా, యజమాని "కాగితం తెండ్రి అన్నా, గంటల మిషన్ ఎక్కిస్త" అని పట్టుబట్టారు. ఆ పట్టుదల మా అభ్యర్థిని కాపాడిందనే నేను నమ్ముతాను.

లోపం రశీదు పుస్తకాల్లో వచ్చింది. రెండో పుస్తకంలో 51 నుంచి 100 వరకు పడవలసిన నంబర్లకు బదులు మళ్లీ 1 నుంచి 50 పడ్డాయి. రెండు వాడల్లో ఒకే నంబరుతో రశీదులు వెళ్లాయని తెలిసిన రాత్రి, ముగ్గురం కమిటీ ఆఫీసు నేల మీద కూర్చుని అడుగు ప్రతులన్నీ తిరగేసి, ప్రతి సభ్యుని పేరు పక్కన ఎర్ర సిరాతో కొత్త నంబరు వేశాము. పది రూపాయలైనా అది కూలి చేసుకునే మనిషి నమ్మి ఇచ్చిన సొమ్ము కనుక, లెక్కలో అనుమానం మిగలడం నేను భరించలేను. యజమాని మొదట ఒప్పుకోకపోయినా, పుస్తకాలు చూపించాక ఉచితంగా మళ్లీ అచ్చు వేసి ఇచ్చారు.

ఫ్లెక్సీలు మాత్రం వేరే చోట వేయించుకోండి, రంగులు నిలవవు. రశీదు పుస్తకాలు తీసుకునేటప్పుడు మొదటి, చివరి నంబర్లు అక్కడే సరిచూసుకుని డబ్బు కట్టండి.